కన్సీల్డ్ ఫ్లష్ ట్యాంకు కారుతోందా? గోడ పగలగొట్టే ముందు ఇవి చూడండి

కర్నూలులో ఇప్పుడు కడుతున్న ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ గోడ మీద ఫ్లష్ ట్యాంకు కనబడటం తగ్గిపోయింది. ట్యాంకు గోడ లోపల ఉంటుంది, బయటికి రెండు బటన్ల ప్లేటు మాత్రమే కనిపిస్తుంది. చూడటానికి బాగుంటుంది, తుడవటానికీ సులువు. చిక్కంతా అది సన్నగా కారడం మొదలుపెట్టాకే. వచ్చిన ప్లంబరు ప్లేటు వైపు ఒకసారి చూసి, "గోడ పగలగొట్టాల్సిందేన్నా" అంటాడు. టైల్స్ పగిలితే అదే డిజైన్ దొరకదు. దొరికినా బ్యాచ్ మారితే రంగులో తేడా వస్తుంది. దాంతో చాలామంది నెలల తరబడి అలాగే కారనిస్తారు, లేదా భయపడి గోడ పగలగొట్టిస్తారు.

ఈ రెండింటి అవసరమూ చాలాసార్లు ఉండదు. సన్నటి లీకుల్లో ఎక్కువ శాతం ఆ ప్లేటు వెనక ఉన్న చిన్న కిటికీలోంచి చెయ్యి పెట్టి సరిచేయగలిగినవే. గోడ తెరవాల్సిన లీకులు లేవని కాదు, ఉన్నాయి. ఏది ఏదో తేల్చుకోవడానికి ఒక పెన్సిలు, పాత పేపరు ముక్క, నాలుగు చుక్కల ఉజాలా, ఒక రాత్రి సమయం చాలు. ఆ పరీక్షలు చేయకుండా సుత్తి తీసే ప్లంబరును కాస్త ఆగమనడం మన హక్కు.

ముందు లోపల ఏముందో చూద్దాం. గోడలో ఉన్నది గట్టి ప్లాస్టిక్ డబ్బా. చాలా కంపెనీల డబ్బాలు ఒకే ముక్కగా పోత పోసి ఉంటాయి కాబట్టి డబ్బానే పగలడం అరుదు. అందులో ముఖ్యమైన భాగాలు మూడు. మొదటిది, నీళ్లు లోపలికి వచ్చే చోట ఉన్న చిన్న స్టాప్ వాల్వ్. దాన్ని తిప్పితే ఆ ట్యాంకుకు మాత్రమే నీళ్లు ఆగుతాయి. రెండోది ఫిల్ వాల్వ్. ట్యాంకు నిండగానే నీటిని ఆపాల్సింది ఇదే. పాత ట్యాంకుల్లో పెద్ద బంతి తేలుతుండేది. ఇందులో దాని బదులు అరచేతిలో పట్టేంత ఫ్లోట్ ఉంటుంది. మూడోది మధ్యలో నిలువుగా నిలబడే ఫ్లష్ వాల్వ్. దాని అడుగున ఒక రబ్బరు సీలు ఉంటుంది. బటన్ నొక్కితే వాల్వ్ పైకి లేస్తుంది, నీళ్లు కమోడ్‌లోకి దూకుతాయి, మళ్లీ దిగి సీలు మీద కూర్చుంటుంది.

ఆ ఫ్లష్ వాల్వ్ మధ్య భాగం బోలుగా ఉంటుంది. ఫిల్ వాల్వ్ పాడై నీళ్లు ఆగకుండా వస్తే ట్యాంకు పొర్లి గోడలోకి పోకూడదు కదా. అందుకని ఒక మట్టం దాటిన నీరు ఆ బోలు గొట్టంలోకి దిగి నేరుగా కమోడ్‌లోకి పోయేలా తయారు చేశారు. అంటే ఫిల్ వాల్వ్ పాడైనా, సీలు పాడైనా, నీరు చేరేది కమోడ్‌లోకే. గోడలోకి కాదు. గోడ తడిసిందంటే కారణం ఈ రెండింటిలో ఏదీ కాదు. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం గందరగోళం పోతుంది. కమోడ్‌లోకి నీళ్లు కారుతున్నాయని చెప్పి గోడ పగలగొడతాననే మనిషికి ట్యాంకు పని తీరు తెలియదన్నట్టే.

ఇంత సన్నటి లీకు కంటికి కనబడదు. కమోడ్ వెనక గోడ మీదుగా పల్చటి పొరలా జారుతుంది, చప్పుడు కూడా ఉండదు. మన ఇళ్లలో మొదట పసిగట్టేది మేడ మీది ట్యాంకు దగ్గరే. రాత్రి మోటారు వేసి నింపి పడుకుంటే తెల్లారేసరికి ట్యాంకు తగ్గి ఉంటుంది. దీన్ని కొలవడం కూడా తేలికే. మీ ట్యాంకు అడ్డకొలత 110 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు నీటి మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే దాదాపు తొమ్మిదిన్నర లీటర్లు పోయినట్టు. రాత్రి ఎవరూ నీళ్లు వాడని ఎనిమిది గంటల్లో మూడు సెంటీమీటర్లు తగ్గిందంటే సుమారు 28 లీటర్లు, అంటే నిమిషానికి 60 మిల్లీలీటర్ల ధార. ఆ ధార ఇంకొంచెం పెరిగి నిమిషానికి 100 మిల్లీలీటర్లు అయితే రోజుకు 144 లీటర్లు. డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో ఒక మనిషికి రోజుకు ఇవ్వాల్సిన నీళ్లు 135 లీటర్లని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం చెబుతోంది. అంటే ఆ కమోడ్ ఇంట్లో మరో మనిషిలా తన వాటా తాను తాగేస్తున్నట్టు లెక్క. బోరు ఎండిపోయి ట్యాంకర్ కొనుక్కునే ఏప్రిల్, మే నెలల్లో ఇది చిన్న సంగతి కాదు.

ఇంట్లో ప్రెషర్ పంపు పెట్టుకున్నవాళ్లకు ఇంకో గుర్తు దొరుకుతుంది. ఎవరూ కుళాయి తిప్పకపోయినా పంపు అర్ధరాత్రి ఉన్నట్టుండి ఆన్ అయి, కాసేపటికి ఆగుతుంది. పంపు పాడైందని దాన్ని విప్పి చూసేవాళ్లు ఎక్కువ. చాలాసార్లు తప్పు పంపుది కాదు, లైనులో ఎక్కడో నీళ్లు కారుతుంటాయి.

చెవితో ఇంకో తేడా పట్టవచ్చు. ఎవరూ ఫ్లష్ నొక్కకపోయినా ఉండుండి కొన్ని క్షణాలు ట్యాంకు నిండుతున్న చప్పుడు వచ్చి ఆగిపోతుంటే, సీలు దగ్గర కారుతోందని అర్థం. మట్టం మెల్లగా దిగుతుంది, ఫ్లోట్ కిందికి జారుతుంది, వాల్వ్ తెరుచుకుని మళ్లీ నింపుతుంది. అలా కాకుండా ప్లేటుకు చెవి ఆనిస్తే ఆగని సన్నటి 'స్‌స్' శబ్దం వస్తుంటే ఫిల్ వాల్వ్ మూసుకోవడం లేదు. ఇది అనుమానం మాత్రమే. రుజువు పరీక్షలతోనే.

పేపరు, పెన్సిలు, నీలిమందు

ప్లేటు తీయడం మోడల్‌ను బట్టి మారుతుంది. కొన్ని కింది అంచు నుంచి పైకి నెడితే ఊడతాయి, కొన్నిటికి కనబడకుండా స్క్రూలు ఉంటాయి. రాకపోతే బలవంతం చేయొద్దు, మీ మోడల్ పేరు పెట్టి వెతికితే కంపెనీ వీడియో దొరుకుతుంది. ప్లేటు వెనక రెండు నెట్టే రాడ్లు, ఒక ప్లాస్టిక్ తెర ఉంటాయి. వాటిని తీశాక ఫోన్ టార్చ్ వేస్తే లోపల నీటి మట్టం కనిపిస్తుంది. తీసే ముందు, తీస్తున్నప్పుడు ఫోటోలు తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు ఏ రాడ్ ఎటువైపో గుర్తుండదు.

మొదటిది పేపరు పరీక్ష. ఫ్లష్ చేశాక పావుగంట ఆగి, అంచుల్లో నిలిచిన నీళ్లు దిగిపోయాక, కమోడ్ లోపలి వెనక గోడను పొడి గుడ్డతో తుడవండి. నీటి మట్టానికి పైన అక్కడ పొడి పేపరు ముక్క అంటించి వదిలేయండి. అరగంట తర్వాత తడిస్తే కమోడ్‌లోకి లీకు ఉన్నట్టే.

రెండోది స్టాప్ వాల్వ్ పరీక్ష. అసలు గుట్టు విప్పేది ఇదే. ట్యాంకు పూర్తిగా నిండాక స్టాప్ వాల్వ్ మూయండి. లోపలి గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత పెట్టండి. చెయ్యి చేరకపోతే ఫోటో తీసినా సరే. రాత్రంతా ఫ్లష్ వాడకుండా వదిలేసి పొద్దున చూడండి. మట్టం తగ్గి, పేపరు కూడా తడిస్తే సీలు దగ్గరే కారుతోంది. మట్టం అలాగే ఉండి, పేపరు పొడిగా ఉండి, వాల్వ్ తెరవగానే పేపరు తడవడం మొదలైతే తప్పు ఫిల్ వాల్వ్‌ది. మట్టం తగ్గింది, కమోడ్ మాత్రం పొడిగా ఉందనుకోండి, నీరు ట్యాంకు బయటికి పోతోంది. గోడ గురించి ఆలోచించాల్సింది ఇక్కడే.

ఇందులో ఒక మెలిక ఉంది. స్టాప్ వాల్వ్‌లో నీటిలోంచి దిగే తెల్లటి సుద్ద పేరుకుని ఉంటే పూర్తిగా మూసుకోదు. అప్పుడు మూశామనుకున్నా నీళ్లు వస్తూనే ఉంటాయి, మట్టం తగ్గదు, పరీక్ష తలకిందులవుతుంది. అందుకని ముందు వాల్వ్ మూసి ఒకసారి ఫ్లష్ చేసి చూడాలి. ట్యాంకు మళ్లీ నిండకపోతే వాల్వ్ సరిగ్గా పనిచేస్తున్నట్టు. మెల్లగానైనా నిండుతుంటే ఈ పరీక్షను నమ్మొద్దు, మేడ మీది గేటు వాల్వ్ మూసి చేయాలి.

మట్టం ఎక్కడ ఆగిందన్నది కూడా చూడాలి. సీలు పాడైతే నీరు అడుగుదాకా దిగుతూనే ఉంటుంది. మధ్యలో ఒకచోట ఆగిపోయిందంటే, సరిగ్గా ఆ ఎత్తులో ఫ్లష్ వాల్వ్ బోలు గొట్టానికి చీలిక ఉన్నట్టు. సీలు మార్చి లాభం లేదు, మొత్తం ఫ్లష్ వాల్వే మార్చాలి.

ఉజాలా పరీక్ష అందరూ చెప్పేదే. ట్యాంకు నీళ్లలో నాలుగు చుక్కలు వేసి అరగంట ఫ్లష్ చేయకుండా ఆగితే, కమోడ్‌లో నీలం కనబడితే లీకు ఖాయం. అయితే అది సీలుదా, పొర్లుతున్న నీటిదా అన్నది ఇది చెప్పదు. అందుకే పెన్సిలు గీతకు దీనికన్నా ఎక్కువ మార్కులేస్తాను. ఇంట్లో ఉందని పసుపు కలిపేవాళ్లున్నారు, వద్దు. పసుపు నీళ్లలో కరగదు, పొడి వెళ్లి సీలు అంచున చేరుతుంది.

నాపరాయి నీళ్లు

మన ప్రాంతంలో ఈ సీళ్లు ఎందుకు త్వరగా పాడవుతాయన్నదానికి జవాబు మన కాళ్ల కిందే ఉంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి వైపు నుంచి వచ్చే నాపబండలు మనందరి ఇళ్లలో పరిచినవే. అవి సున్నపురాయి పొరలు. ఈ పొరల వరుసకు భూగర్భ శాస్త్రంలో 'కర్నూలు గ్రూపు' అనే పేరే ఉంది, అందులో ఒక పొరకు కడప జిల్లాలోని నర్జి ఊరి పేరు పెట్టారు. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడ వరుసగా వెలిసింది కూడా ఈ సున్నపురాయి కోసమే. ఇలాంటి రాతిలో ఇంకిన వాన నీరు దాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుని బోరులోకి వస్తుంది. అదే మనం ఉప్పు నీళ్లు అని, పప్పు ఉడకని నీళ్లు అని తిట్టుకునేది. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం కాఠిన్యం (నీటిలో కరిగిన సున్నం లాంటి లవణాల కొలత) లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చు. కుళాయిలో తుంగభద్ర నీళ్లు వచ్చే ఇళ్లకు ఈ బాధ తక్కువ. కేవలం బోరు మీద బతికే కాలనీల్లో గీజరు కాయిల్ మీద, షవర్ రంధ్రాల్లో పేరుకునే తెల్లటి పొర చూస్తే చాలు, ఫ్లష్ ట్యాంకు లోపల ఏం జరుగుతోందో ఊహించుకోవచ్చు.

ఆ సుద్ద సీలు కూర్చునే అంచు మీద చేరుతుంది. కంటికి కనబడనంత గరుకు చాలు, మెత్తటి సీలుకు, అంచుకు మధ్య సందు ఏర్పడుతుంది. సీలు పాడు కాకుండానే కారుతుందన్నమాట. అందుకే కొత్త సీలు కొనడానికి పరిగెత్తే ముందు పాతదాన్ని తీసి శుభ్రం చేసి చూడమంటాను. మగ్గుడు గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు, లేదా వెనిగర్ వేసి, తీసిన భాగాలను అరగంట నానబెడితే సన్నటి బుడగలు లేస్తాయి. సుద్ద కరుగుతోందని గుర్తు. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగాలి.

అయితే ఆ మగ్గును నాపబండ మీద పెట్టొద్దు. నిమ్మ ఉప్పుకు ట్యాంకులోని సుద్ద వేరు, కింది బండ వేరు అని తెలియదు, రెండూ సున్నమే. ఒలికితే బండ మీద మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది.

బాత్రూమ్ కడిగే యాసిడ్‌ను ట్యాంకులో పోసే అలవాటు కూడా కొందరికి ఉంది. సుద్ద పోతుంది నిజమే, దాంతోపాటు స్క్రూలు, స్ప్రింగులు తుప్పు పడతాయి, రబ్బరు గట్టిపడుతుంది, మూసిన డబ్బాలోంచి ఘాటు మొహం మీదికి కొడుతుంది. అందులో బ్లీచింగ్ పౌడర్ కూడా కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. నీళ్లు నీలంగా మారడానికి ట్యాంకులో వేసే బిళ్లలూ అంతే. వాటిలో క్లోరిన్ ఉన్నవి రాత్రింబవళ్లు సీలు చుట్టూ నిలబడి దాన్ని తినేస్తాయి.

ఫిల్ వాల్వ్ ఎందుకు మూసుకోదు

ఇది అర్థం కాక చాలామంది ఫ్లోట్‌ను పైకీ కిందికీ తిప్పి, స్క్రూలు బిగించి అలసిపోతారు. లోపల జరిగేది తెలిస్తే అంత కష్టం ఉండదు. పాత ట్యాంకుల్లో బంతి పెద్దది, దాని తేలే బలమే కాడను నెట్టి వాల్వ్ మూసేది. ఇప్పటి చిన్న ఫ్లోట్‌కు అంత బలం లేదు. అందుకని ఆ పనిని నీటి ఒత్తిడికే అప్పగించారు. వాల్వ్ లోపల పల్చటి రబ్బరు బిళ్ల ఉంటుంది, దాన్ని డయాఫ్రమ్ అంటారు. దానికి సూది మొనంత రంధ్రం. ఆ రంధ్రంలోంచి కొద్దిగా నీరు బిళ్ల వెనక గదిలోకి చేరుతుంది. ఆ గదికి బయటికి పోవడానికి ఇంకో చిన్న దారి ఉంది. ఫ్లోట్ పైకి లేచి ఆ దారిని మూసిందనుకోండి, గదిలో నీటి ఒత్తిడి పెరిగి బిళ్లను ముందుకు నొక్కుతుంది, పెద్ద దారి మూసుకుంటుంది. ఫ్లోట్ మూయాల్సింది ఆ చిన్న దారినే, మిగతాది లైనులో వచ్చే ఒత్తిడి చూసుకుంటుంది.

ఇప్పుడు దీనికి వచ్చే రోగాలు వాటంతటవే తెలుస్తాయి. సూది రంధ్రంలో ఇసుక రేణువో సుద్ద ముక్కో ఇరుక్కుంటే గదిలో ఒత్తిడి పెరగదు, వాల్వ్ అసలు మూసుకోదు. ఫ్లోట్ మూసే చిన్న దారి దగ్గర సుద్ద పేరుకుంటే పూర్తిగా మూసుకోక సన్నటి ధార నడుస్తూనే ఉంటుంది. బిళ్ల చిరిగితే ఏం చేసినా ఆగదు. వానాకాలంలో తుంగభద్రలో ఎర్ర నీళ్లు వచ్చినప్పుడు, మేడ మీది ట్యాంకు కడిగిన మర్నాడు, లైనులో పని జరిగాక ఈ ఫిర్యాదులు పెరగడం వింత కాదు. అడుగున పేరుకున్న ఒండ్రు కదిలి వచ్చి చేరేది ఈ సన్నటి దారుల్లోనే.

ఒత్తిడి సంగతి కూడా చూడాలి. నీటి మట్టానికి, వాల్వ్‌కు మధ్య పది మీటర్ల ఎత్తుంటే సుమారు ఒక బార్ ఒత్తిడి. మేడ ట్యాంకుకు కిందనే ఉన్న పై అంతస్తు బాత్రూమ్‌కు దొరికే ఎత్తు మూడు నాలుగు మీటర్లే, అంటే 0.3 నుంచి 0.4 బార్. చాలా వాల్వ్‌లు ఇంత తక్కువలోనూ పనిచేసేలాగే చేస్తారు. కానీ అంత తక్కువ బలంతో నొక్కే బిళ్ల కొద్దిపాటి సుద్దను కూడా తట్టుకోలేదు. ఒకే ఇంట్లో కింది బాత్రూమ్ బాగుండి పైది కారడానికి ఇది కూడా ఒక కారణం.

సరిచేయడం కష్టం కాదు. స్టాప్ వాల్వ్ మూసి ఫిల్ వాల్వ్ బయటికి తీస్తే దాని తల మూత విప్పుకునేలా ఉంటుంది. డయాఫ్రమ్ తీసి, ఏ వైపు పైకి ఉందో చూసుకుని, నీళ్లలో కడగాలి. రంధ్రాన్ని సూదితో పొడిస్తే అది పెద్దదవుతుంది, ఊది శుభ్రం చేయడమే మేలు. నీరు లోపలికి వచ్చే చోట చిన్న జల్లెడ ఉంటుంది, దాన్ని కూడా కడగాలి. బిగించే ముందు ఒక కప్పు అడ్డం పెట్టి స్టాప్ వాల్వ్‌ను ఒక క్షణం తెరిచి మూస్తే లైనులోని చెత్త బయటికి వచ్చేస్తుంది. ఈ ఒక్క పని చేయకే చాలామంది కొత్త వాల్వ్ పెట్టినా వారంలో మళ్లీ అదే కథ అంటారు.

సీలు మార్చేటప్పుడు

సీలు దగ్గరే లీకని తేలితే ట్యాంకు ఖాళీ చేసి ఫ్లష్ వాల్వ్‌ను పైకి లాగాలి. కిటికీ చిన్నది, వాల్వ్ పొడుగు. కొన్ని మోడళ్లలో అది రెండు ముక్కలుగా విడిపోతుంది, కొన్నిట్లో పైభాగం వంగుతుంది. క్లిప్పులు ఎక్కడున్నాయో చూడకుండా లాగితే విరుగుతాయి. తీశాక సీలును వేలితో తడిమి చూడండి. అంచున గాడి పడినా, నొక్కితే తిరిగి లేవకపోయినా, వేలికి నల్లగా అంటుకున్నా మార్చాల్సిందే. ట్యాంకు అడుగున సీలు కూర్చునే అంచును మెత్తటి గుడ్డతో తుడవండి. కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకితే గీత పడుతుంది, ఆ గీతలోంచి జీవితాంతం కారుతుంది.

కొత్త సీలు కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి, ప్లేటు మీది కంపెనీ పేరు, మోడల్ ఫోటో తీసుకోండి. షాపులో అన్నిటికీ పట్టేది అని ఒకటి ఇస్తారు. అది చూడటానికి అలాగే ఉంటుంది, మందంలో ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా కుదరదు. ఆ సీలుకు కొన్ని వందలు పెట్టడానికి వెనకాడి టైల్స్‌కు వేలు పోయడంలో అర్థం లేదు. సీలుకు కొబ్బరి నూనె, వేజలైన్ రాసే అలవాటు కూడా మానాలి. నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది. నీళ్లతో తడిపి పెడితే చాలు. ఎంసీల్, తెల్ల సిమెంటు, టెఫ్లాన్ టేపు ఇక్కడ పనికిరావు. టేపు మర ఉన్న జాయింట్లకు, అదీ వాషరు లేని చోట.

సీలు మార్చినా ఆగకపోతే రెండు చోట్ల చూడాలి. ఫ్లష్ వాల్వ్ కూర్చునే పీఠం కొన్ని మోడళ్లలో విడి భాగం, దాని కింద ఇంకో రబ్బరు రింగు ఉంటుంది. పై సీలు బాగున్నా ఆ రింగు చుట్టూ నీరు జారి కమోడ్‌లోకే పోతుంది. రెండోది ప్లేటు రాడ్లు. దీన్ని ఎవరూ అనుమానించరు. బళ్లారి చౌరస్తా దగ్గర మా బంధువుల అపార్ట్‌మెంట్‌లో ప్లేటు మార్చాకే లీకు మొదలైంది. సీలు మార్చారు, ఆగలేదు, గోడ తెరుద్దామన్నారు. చూస్తే రాడ్లు కాస్త పొడుగ్గా బిగించి ఉన్నాయి. ప్లేటు పెట్టగానే బటన్ వెంట్రుకవాసి లోపలికి నొక్కుకునే ఉంటోంది, ఫ్లష్ వాల్వ్ పూర్తిగా కిందికి దిగడం లేదు. ప్లేటు తీసి చూస్తే లీకు లేదు, పెడితే ఉంది. ఆ మరను నాలుగు చుట్లు వెనక్కి తిప్పితే సరిపోయింది. రాడ్‌కు, లోపలి మీటకు మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ప్లేటు మార్చినా, పాత టైల్స్ మీద కొత్తవి అతికించినా ఈ కొలత మారిపోతుంది.

గోడ తడిస్తే

ఇక అసలు భయపడాల్సిన లీకు. కమోడ్ వెనక టైల్స్ సందుల్లో తడి, అవతలి గదిలో గోడకు ఉప్పు పూయడం, పెయింట్ పొక్కులు, కింది ఇంటివాళ్ల సీలింగ్ మీద మచ్చ. చల్లటి ట్యాంకు మీద గాలిలోని తేమ నీటిబొట్లుగా చేరి గోడ తడుస్తుందని చదివి కొందరు అదేమోనని సర్దిచెప్పుకుంటారు. చలిదేశాల్లో అది నిజం. మన వేసవిలో గాలి పొడి, ఎండకు కాగిన మేడ ట్యాంకు నీళ్లు గదికన్నా వేడిగా ఉంటాయి. కర్నూలులో గోడ తడిసిందంటే ఎక్కడో కారుతున్నట్టే లెక్క.

ఎక్కడన్నది ఎప్పుడు తడుస్తోందన్న దాన్నిబట్టి తెలుస్తుంది. ఫ్లష్ చేసిన తర్వాతే తడి పెరుగుతుంటే, ట్యాంకు నుంచి కమోడ్‌కు వెళ్లే వంపు గొట్టం జాయింటుదో, కమోడ్‌లోకి దూరే చోటి రబ్బరుదో తప్పు. ఆ గొట్టంలో నీళ్లుండేది ఫ్లష్ చేసినప్పుడే. కమోడ్ దగ్గరి రబ్బరైతే గోడ జోలికి పోనక్కర్లేదు, రెండు నట్లు విప్పి కమోడ్‌ను ముందుకు జరిపితే కనిపిస్తుంది. దించడానికి ఇద్దరు మనుషులుండాలి, బరువు ఎక్కువ. ఫ్లష్‌తో సంబంధం లేకుండా రోజంతా తడుస్తుంటే ఒక రోజు స్టాప్ వాల్వ్ మూసి, బకెట్‌తో నీళ్లు పోసుకుంటూ చూడండి. అప్పుడు తడి తగ్గితే ట్యాంకు వైపు. తగ్గకపోతే అది స్టాప్ వాల్వ్‌కు ముందున్న పైపుది, లేదా ఆ గోడలో నడిచే జెట్ స్ప్రే లైనుది, గీజరు లైనుది, లేదా పై అంతస్తు బాత్రూమ్ నుంచి దిగుతున్నది. ఫ్లష్ ట్యాంకును నిందించి, టైల్స్ తీశాక జెట్ యాంగిల్ కాక్ వెనక జాయింటు కారుతోందని తేలిన ఇళ్లు కొన్ని చూశాను.

నీటి పైపు ట్యాంకుకు కలిసే నట్టు చాలా మోడళ్లలో కిటికీలోంచే అందుతుంది, లోపలి వాషరు మారిస్తే సరిపోవచ్చు. నిజంగా గోడ తెరవాల్సింది వంపు గొట్టం ట్యాంకుకు కలిసే జాయింటు వదులైనప్పుడు, డబ్బాకే పగులు వచ్చినప్పుడు, గోడలోని పైపు జాయింటు పోయినప్పుడు. అప్పుడు కూడా ముందువైపు టైల్స్ మీదికే పోనక్కర్లేదు. ట్యాంకు వెనక గోడ అవతల పడకగదో వరండానో ఉంటే, అటు నుంచి ప్లాస్టర్ తీసి చేరుకోవచ్చేమో మేస్త్రీని అడగండి. ప్లాస్టర్, పెయింట్ తిరిగి వేయడం తేలిక, ఆ టైల్ తిరిగి తేవడం కష్టం. ట్యాంకు వెనక కాంక్రీటు లేని ఇటుక గోడ అయితేనే ఇది కుదురుతుంది.

తెరిచి సరిచేశాక అదే సాయంత్రం మూసేయడానికి మేస్త్రీ తొందరపడతాడు, ఇంకో సైటు ఉంటుంది కాబట్టి. ఒప్పుకోవద్దు. జాయింట్లను గుడ్డతో పొడిగా తుడిచి, కింద పొడి పేపరు పరిచి, ఆ రోజంతా ఇంట్లో వాళ్లందరూ మామూలుగా ఫ్లష్ వాడాలి. మర్నాడు పేపరు పొడిగా ఉంటేనే సిమెంటు కలపమనండి.